పరీక్షిత్తు చూసిన వెలుగు

మన పురాణేతిహాసాలలో పుట్టకముందే లోకంతో సంబంధం ఏర్పరచుకున్న పిల్లలు ముగ్గురు ప్రసిద్ధులు. ప్రహ్లాదుడు తల్లి కడుపులో ఉండి నారదుడి బోధ విన్నాడు. అభిమన్యుడు పద్మవ్యూహాన్ని ఛేదించే ఉపాయం విన్నాడని జనం చెప్పుకుంటారు. వ్యాసభారతంలో మాత్రం ఆ విద్యను తండ్రి తనకు ఉపదేశించాడనే అతడు అంటాడు. మూడవవాడు పరీక్షిత్తు. అతడిది వినికిడి కాదు, చూపు. అశ్వత్థామ ప్రయోగించిన అస్త్రం ఉత్తర గర్భాన్ని దహిస్తున్నప్పుడు, లోపలి శిశువుకు అంగుష్ఠమాత్రుడైన ఒక పురుషుడు దేదీప్యమానంగా కనిపించి, గద తిప్పుతూ ఆ వేడిని హరించాడని భాగవతం ప్రథమస్కంధం చెబుతుంది. పుట్టిన తరువాత ఎదుటపడిన ప్రతి మనిషినీ, కడుపులో తాను చూసినవాడు ఇతడేనా అని పరీక్షించాడు కనుక పరీక్షిత్తు అయ్యాడట. వంశం పరిక్షీణమైన వేళ పుట్టాడు కనుక ఆ పేరు వచ్చిందని భారతం చెప్పే వ్యుత్పత్తి. పోతన తెనిగించిన తరువాత తెలుగువారికి భాగవతం చెప్పిన కారణమే ఎక్కువ చేరువైంది.

గర్భస్థ శిశువు వింటుందని ఇప్పుడు ఎవరికీ సందేహం లేదు. చూస్తుందా? చీకటిగా మనం ఊహించుకునే ఆ గదిలోకి బయటి వెలుతురు చేరుతుందా, చేరితే శిశువుకు తెలుస్తుందా? ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన దారి ఆయుర్వేద గ్రంథాల నుంచి గ్రహణం నాటి ఆంక్షల మీదుగా హైదరాబాదులోని ఒక కంటి ఆసుపత్రి దాకా సాగుతుంది. ఆ దారిలో కొన్ని నమ్మకాలు నిరపాయమైనవి. కొన్ని మాత్రం నేటికీ తల్లులను నిందల పాలు చేస్తున్నాయి, పిల్లల చూపును పోగొడుతున్నాయి.

లోపలి తేజస్సు

సుశ్రుతసంహిత శారీరస్థానంలో ఒక ఆసక్తికరమైన చర్చ ఉంది. గర్భంలో ముందు ఏ అవయవం పుడుతుంది? శిరస్సు అని ఒకరు, హృదయం అని మరొకరు, నాభి అని ఇంకొకరు వాదిస్తారు. వెదురు మొలకలోనూ మామిడికాయలోనూ భాగాలన్నీ ఒక్కసారే ఉన్నా సూక్ష్మంగా ఉండటం వల్ల కనబడనట్టే, శిశువు అవయవాలన్నీ ఒకేసారి ఏర్పడతాయని ధన్వంతరి తీర్పు చెబుతాడు. మూడవ నెలలో ఇంద్రియాలూ అంగాలూ ఏకకాలంలో వ్యక్తమవుతాయని చరకుడి మాట.

కంటి విషయంలో సుశ్రుతుడు మరొక అడుగు ముందుకు వేశాడు. తేజోధాతువు దృష్టిస్థానానికి చేరకపోతే శిశువు జాత్యంధుడవుతాడని, అది రక్తంతో కలిసి చేరితే ఎర్రని కళ్ళు, కఫంతో కలిసి చేరితే తెల్లని కళ్ళు వస్తాయని అన్నాడు. దీన్ని చదివిన ఉత్సాహవంతుడు, వెలుతురు లేకపోతే కన్ను ఎదగదని మనవాళ్ళకు అప్పుడే తెలుసునని ప్రకటించే ప్రమాదం ఉంది. అది పొరపాటు. సుశ్రుతుడి తేజస్సు బయటి సూర్యకాంతి కాదు, శరీరంలోని పంచభూతాలలో ఒకటి. న్యాయదర్శనం ప్రకారం కన్ను తైజసం. దాని నుంచి వెలువడిన కిరణాలు వస్తువును తాకినప్పుడు చూపు కలుగుతుంది. ప్రాచీన గ్రీకులలో చాలామంది ఆలోచనా ఇటువంటిదే. కన్నే దీపమైనప్పుడు కడుపులోని శిశువుకు బయటి వెలుతురుతో పని లేదు.

గర్భంలోకి వెలుతురు చేరుతుందా అన్న ప్రశ్న పుట్టాలంటే, చూపు అనేది బయటి నుంచి లోపలికి వచ్చే కాంతి వల్ల కలుగుతుందన్న ఎరుక ముందు రావాలి. దాన్ని పద్ధతిగా నిరూపించినవాడు మేముండే ఈ సింధుశాఖకే ఎగువ కొసన, బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైతమ్. వెయ్యేళ్ళ కిందట అతడు రాసిన 'కితాబ్ అల్ మనాజిర్' చూపు గురించిన ఆలోచనను తలకిందులు చేసింది. దీపం బయట ఉంది, కన్ను దాన్ని అందుకునే పాత్ర మాత్రమే. తేజస్సు గురించిన వాక్యాన్ని ఆధునిక ప్రయోగానికి ముడిపెట్టే ముందు ఈ మలుపును గుర్తుంచుకోవాలి.

గ్రహణం, మొర్రి

గర్భానికీ వెలుతురుకీ తెలుగునాట ఉన్న బలమైన ముడి శాస్త్రగ్రంథాలలో కాదు, మన భాషలోనే ఉంది. చీలిన పెదవితో పుట్టిన బిడ్డకు మనం 'గ్రహణం మొర్రి' అంటాం. వ్యాధి పేరులోనే కారణం, ఆ కారణంలోనే నేరారోపణ ఇమిడిపోయాయి: కడుపుతో ఉండగా తల్లి గ్రహణం చూసింది. అందుకే పట్టు నుంచి విడుపు దాకా చూలాలిని తలుపులు మూసిన గదిలో కదలకుండా పడుకోబెడతారు. కత్తి పట్టకూడదు, కూర తరగకూడదు, తినకూడదు, కొన్ని ఇళ్ళలో మంచినీళ్ళు కూడా తాగకూడదు.

ఈ నమ్మకం మన సొంతం అనుకోనక్కరలేదు. స్పానిష్ సన్యాసి సహగున్ పదహారవ శతాబ్దంలో మెక్సికో ప్రజల ఆచారాలను నమోదు చేస్తూ, చంద్రగ్రహణం చూస్తే బిడ్డ పెదవి చీలుతుందని గర్భిణులు భయపడేవారని, రక్షణగా అగ్నిశిల ముక్కను దగ్గర ఉంచుకొనేవారని రాశాడు. ఒకరి గురించి ఒకరికి తెలియని రెండు జాతులు ఒకే నిర్ణయానికి రావటానికి కారణం ఊహించటం కష్టం కాదు. కొరికినట్టు కనిపించే చంద్రబింబం, కొరికినట్టు కనిపించే పెదవి. పోలికే కారణంగా స్థిరపడింది.

తెలుగునేల గ్రహణశాస్త్రానికి పుట్టినిళ్ళలో ఒకటి కావటం ఇక్కడ గమనించవలసిన సంగతి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్ మచిలీపట్నం చేరాడు. అదే వేధశాలలో పనిచేసే చింతామణి రఘునాథాచారి వనపర్తి నుంచి పరిశీలించాడు. హీలియం ఆవిష్కరణ కథ మొదలయ్యేది ఆ రోజుతోనే. 1980 ఫిబ్రవరి 16న మరొక సంపూర్ణ గ్రహణపు నీడ తెలంగాణ మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జాపాల్ రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉంది. ప్రపంచం దూరదర్శినులు మోసుకొని మన ఊళ్ళకు వచ్చిన రోజులలో మన చూలాళ్ళకు విధించినది చీకటి గది.

ఆ చీకటి వల్ల బిడ్డకు ఒరిగేదేమిటో లెక్క చూద్దాం. పెదవి రెండు వైపుల నుంచీ వచ్చి కలుసుకునేది గర్భం ధరించిన ఆరేడు వారాలకు. అంగిలి పన్నెండో వారం లోపల మూసుకుంటుంది. చాలామందికి తాము గర్భవతులమని రూఢిగా తెలిసేనాటికి పెదవి పని ముగుస్తూ ఉంటుంది. అంటే ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో వచ్చిన గ్రహణం ఎప్పుడో అతుక్కున్న పెదవిని చీల్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో జరిపి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం ఇంచుమించు ప్రతి వెయ్యి జననాలలో ఒక బిడ్డకు మొర్రి ఉంటుంది. ప్రపంచంలో చాలాచోట్ల కనిపించే నిష్పత్తి కూడా దాదాపు అదే. జన్యువులు, తల్లి పొగతాగటం, మూర్ఛకు వాడే కొన్ని మందులు, అదుపులో లేని మధుమేహం దీనికి తెలిసిన కారణాలలో కొన్ని. గ్రహణంలో కొత్త కిరణాలేవీ పుట్టవు. ఉన్న వెలుతురు తగ్గుతుంది, అంతే. రక్షణ లేకుండా సూర్యుణ్ణి తేరిపార చూస్తే చూసినవారి రెటీనా కాలుతుంది. ఆ ముప్పు గర్భిణికి ఎంతో మగవాడికీ అంతే.

2019 డిసెంబర్ 26న బహ్రెయిన్‌లో సూర్యుడు గ్రహణంతోనే ఉదయించాడు. రిఫాలో వైద్యం చేసే నాకు అటువంటి రోజులకు ముందు తెలుగు ఇళ్ళ నుంచి ఫోన్లు రావటం మామూలే. గ్రహణ సమయం ఇక్కడిది లెక్కా, ఇండియాది లెక్కా అని అడిగేవారూ ఉంటారు. ఇరుగుపొరుగు ముస్లిముల సంప్రదాయం మరొక రకం. ప్రవక్త పసికొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజున గ్రహణం పట్టిందని, అది ఆ మరణం వల్లనే అని జనం అనుకుంటే, ఎవరి చావుబ్రతుకులకూ గ్రహణానికీ సంబంధం లేదని ప్రవక్త వారించాడని హదీసులు చెబుతాయి. ఆ వేళ చేసేది ప్రత్యేక ప్రార్థన. నా దగ్గరకు వచ్చే గర్భిణులకు నేను చెప్పేది ఒక్కటే: ఇంట్లో ఉండాలనిపిస్తే ఉండండి, కానీ వేళకు తినండి, నీళ్ళు తాగండి. ఇన్సులిన్ తీసుకునే గర్భిణి గంటల తరబడి పస్తుంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. నొప్పులు మొదలైనా, రక్తస్రావం కనబడినా, విడుపు కోసం ఎదురుచూడటం ప్రాణాల మీదికి తెస్తుంది.

పొట్టమీద దీపం

ఆధునిక శాస్త్రం గర్భస్థ శిశువు ఇంద్రియాల వైపు చూపు తిప్పటానికి చాలాకాలం పట్టింది. 1885లో జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు ప్రెయెర్ పిండం కదలికల గురించీ ఇంద్రియాల గురించీ అప్పటికి తెలిసినది ఒక పెద్ద గ్రంథంగా కూర్చాడు. 1920లలో పైపర్ అనే జర్మన్ వైద్యుడు గర్భిణుల దగ్గర కారు హారను మోగించి శిశువు కదలికలను నమోదు చేశాడు. శబ్దానికి ఇటువంటి మోటు ఉపకరణం చాలు. వెలుతురు ప్రయోగానికి శిశువు గుండె చప్పుడును ఎడతెగకుండా నమోదుచేసే యంత్రం కావాలి, అది వచ్చేసరికి 1960లు దాటాయి. 1975లో ఇజ్రాయెల్ వైద్యులు పొలిషుక్, లావుఫర్, సడోవ్‌స్కీ బయటి వెలుతురుకు గర్భస్థ శిశువు స్పందన గురించి రాశారు. 1980లో పెలెగ్, గోల్డ్‌మన్ అనే ఇద్దరు, వెలుతురు తగలగానే గుండె వేగం పెరగటాన్ని శిశువు క్షేమంగా ఉందనటానికి గుర్తుగా వాడవచ్చునని ప్రతిపాదించారు. తరువాతి కాలంలో నిద్రపోతున్న శిశువును మేలుకొలిపి గుండె పరీక్ష చేయటానికి పొట్టమీద హాలోజన్ దీపం వేసి చూసినవారూ ఉన్నారు. వాడుకలో నిలిచింది మాత్రం శబ్దం, ప్రకంపనాలే.

గుండె వేగం పరోక్ష సాక్ష్యం. మెదడుకు తెలిసిందా అన్నది అసలు ప్రశ్న. 2002లో అమెరికాలోని ఆర్కన్సా విశ్వవిద్యాలయంలో హరి ఈశ్వరన్ బృందం, తల్లి పొట్టను ఆనించి కూర్చునే ఒక యంత్రంతో, శిశువు మెదడులో పుట్టే అతిసూక్ష్మ అయస్కాంత క్షేత్రాలను కొలిచింది. పొట్టమీద కాంతి మెరిపించినప్పుడు కొందరు శిశువుల మెదడు స్పందించిన జాడలు దొరికాయి, అందరిలోనూ కాదు. 2017లో ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన విన్సెంట్ రీడ్ బృందం, 34 వారాల గర్భస్థ శిశువులు 39 మందికి మూడేసి ఎర్రని కాంతిచుక్కలు చూపింది. రెండు చుక్కలు పైన, ఒకటి కింద ఉంటే ముఖాన్ని పోలుతుంది, తిప్పివేస్తే పోలదు. ముఖాన్ని పోలిన చుక్కల వైపే శిశువులు ఎక్కువసార్లు తల తిప్పారని స్కానింగ్‌లో తేలిందన్నారు. మరుసటి ఏడాదే తోటి శాస్త్రజ్ఞులు ఈ నిర్ణయాన్ని ప్రశ్నించారు. పుట్టకముందే ముఖాన్ని గుర్తిస్తుందనటం ఇంకా తేలని వాదం. వెలుతురు తగిలిందని శిశువుకు తెలుస్తుందనటం మాత్రం గట్టి నేల మీదే ఉంది.

శరీర నిర్మాణం కూడా అదే చెబుతుంది. కంటి మొదటి గుర్తులు నాలుగవ వారంలోనే కనిపిస్తాయి. మూడవ నెలకల్లా రెప్పలు ఒకదానికొకటి అతుక్కుపోయి, ఇంచుమించు 26వ వారానికి మళ్ళీ విడిపోతాయి. వెలుతురుకు కనుపాప చిన్నదయ్యే ప్రతిక్రియ 30 వారాలు దాటాక మొదలవుతుంది. గర్భంలోకి ఎంత కాంతి చేరుతుందన్నది తల్లి దుస్తులు, పొట్ట మందం, బయటి ఎండ తీవ్రత మీద ఆధారపడుతుంది. రక్తం నీలి కాంతిని తాగేస్తుంది, ఎరుపును కొంతవరకు పోనిస్తుంది. అరచేతిని టార్చిలైటు మీద ఆనించినప్పుడు వేళ్ళ సందున కనబడే ఎరుపు ఎటువంటిదో, శిశువు ఎరిగిన వెలుతురు అటువంటిది.

పగలు, రాత్రి తేడా మాత్రం శిశువుకు కంటి ద్వారా అందేది కాదు. 1983లో రెపర్ట్, ష్వార్ట్జ్ అనే శాస్త్రజ్ఞులు, చూడి ఎలుకలలో పిల్లల మెదడు గడియారం తల్లి గడియారాన్నే అనుసరిస్తుందని చూపారు. చూపులేని తల్లి ఎలుక గడియారం బయటి వెలుతురుతో పొంతన లేకుండా నడిచినా, కడుపులోని పిల్లలు తల్లినే అనుసరించాయి. రాత్రివేళ తల్లి శరీరంలో పుట్టే మెలటోనిన్ మాయను దాటి శిశువును చేరుతుంది. బిడ్డకు కాలం చెప్పేది తల్లి నిద్ర. అందుకని పొట్టమీద దీపాలు వేసి బిడ్డకు చదువు చెబుతామనే వ్యాపారాలకు డబ్బు పోయటం దండగ. పొట్టమీద దీపాలు వేయవద్దని రీడ్ స్వయంగా తల్లులను హెచ్చరించాడు.

నెలలు నిండని కళ్ళు

ఈ చరిత్రలో అత్యంత విషాదకరమైన అధ్యాయం గర్భం బయట జరిగింది. 1942లో బోస్టన్ నేత్రవైద్యుడు టెరీ, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కళ్ళలో కటకం వెనుక తెల్లని పొర కట్టి చూపు పోవటాన్ని వర్ణించాడు. గర్భం చీకటిలో ఉండవలసిన కళ్ళు ముందుగా వెలుతురు పాలు కావటమే కారణమేమోనని కూడా అనుమానించాడు. సహజమైన అనుమానం, కానీ గురి తప్పింది. 1951లో మెల్‌బోర్న్ వైద్యురాలు కేట్ క్యాంబెల్ అసలు దోషిని వేలెత్తి చూపింది: బతికించటానికని ఇంక్యుబేటర్‌లో ధారాళంగా ఇచ్చిన ఆక్సిజన్. అప్పటికి ప్రపంచంలో దాదాపు పదివేల మంది పిల్లలు చూపు కోల్పోయారని అంచనా. 1950లో పుట్టిన గాయకుడు స్టీవీ వండర్ వారిలో ఒకడు.

వెలుతురు మీది అనుమానం అప్పటికీ చావలేదు. చివరకు 1998లో వెలువడిన అమెరికా పరీక్షలో 409 మంది నెలలు నిండని పిల్లలలో సగానికి కాంతిని 97 శాతం తగ్గించే కళ్ళద్దాలు తొడిగారు. అద్దాలున్నవారిలో 54 శాతానికీ, లేనివారిలో 58 శాతానికీ వ్యాధి వచ్చింది; తేడా లేనట్టే లెక్క. కళ్ళకు గంతలు కట్టటం ఈ జబ్బును ఆపదు.

కథ మరొక మలుపు తిరిగింది. 2013లో సుజాత రావు, రిచర్డ్ లాంగ్ తదితరులు, చూడి ఎలుకలను కాన్పుకు ముందు రోజుల నుంచి పూర్తి చీకటిలో ఉంచితే, పిల్లల కళ్ళలో తొలగిపోవలసిన రక్తనాళాలు తొలగలేదని, కొత్తవి అడ్డదిడ్డంగా పెరిగాయని కనుగొన్నారు. శిశువు రెటీనాలోని మెలనాప్సిన్ అనే వర్ణకం ఆ మసక వెలుతురును పసిగట్టి కంటి నిర్మాణాన్ని సరిదిద్దుతుంది. అదే ఏడాది, గర్భం తొలి నెలలు పగలు ఎక్కువగా ఉండే ఋతువులో గడిచిన నెలలు నిండని పిల్లలలో తీవ్రమైన రెటీనా వ్యాధి తక్కువని ఆ బృందంలోని వారే మరొక పరిశీలనలో చూపారు. ఎలుకకు నిజమైనది మనిషికి నిజమని తేలాలంటే ఇంకా చాలా పని ఉంది. కానీ దిశ స్పష్టం: ఎదిగే కంటికి వెలుతురు శత్రువు కాదు.

ఈ వ్యాధి ఇప్పుడు మన ఇంటి సమస్య. 2020లో ఇండియాలో ఇంచుమించు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారు. వారిని బతికించే నైపుణ్యం చిన్న పట్టణాలకూ చేరింది. కంటి పరీక్ష అంత త్వరగా చేరలేదు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో డాక్టర్ సుభద్ర జలాలీ 1990ల చివరలో జంటనగరాల నవజాత శిశు విభాగాలకు స్వయంగా వెళ్ళి కళ్ళు పరీక్షించే పద్ధతిని మొదలుపెట్టారు. ఆమె ఇచ్చిన నినాదం 'తీస్ దిన్ రోష్నీ కే': వెలుగుకు ముప్ఫై రోజులు. 34 వారాలకు ముందు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువ బరువున్నా, పుట్టిన 30 రోజులలోపు రెటీనా పరీక్ష జరగాలి. మరీ చిన్న పిల్లలకు ఇంకా ముందే. సకాలంలో లేజర్ చికిత్స జరిగితే చాలామంది చూపు నిలుస్తుంది. ఆలస్యమైతే తిరిగి రాదు. 1996లో పుట్టిన ఒక పాపకు ఈ పరీక్ష చేయించకపోవటం వల్ల చూపు పోయిన కేసులో 2015లో సుప్రీంకోర్టు ఇంచుమించు 1.8 కోట్ల రూపాయల పరిహారం విధించింది.

ముప్ఫై రోజుల గడువు మన ఆచారానికి ఎదురుపడే చోటు ఇదే. పురుటి బిడ్డను నెల తిరిగేదాకా గడప దాటించకూడదని, పురిటిగదిలో వెలుతురు పడకూడదని చాలా ఇళ్ళలో నియమం. గల్ఫ్ నుంచి కాన్పుకు పుట్టింటికి వెళ్ళే ఆడపిల్లలు కొల్లలు. భర్త ఇక్కడే ఉద్యోగంలో ఉంటాడు, నిర్ణయాలు పెద్దవాళ్ళ చేతిలో ఉంటాయి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ గురించి ఫోనులో బరువు ఎంత, పాలు తాగుతున్నాడా అని అడుగుతారు. అడగవలసిన మూడవ ప్రశ్న: రెటీనా పరీక్ష ఏ తారీఖున?

గర్భంలోని శిశువుకు వెలుతురు తెలుసునని చెప్పిన కథను మనవాళ్ళు ఐదువందల ఏళ్ళకు పైగా తెలుగులో చదువుకుంటున్నారు. దాన్ని శాస్త్రమని నిరూపించవలసిన అవసరం లేదు, కథగానే అది అందమైనది. వదులుకోవలసింది పరీక్షిత్తు కథను కాదు, వ్యాధి పేరుతో తల్లిని నేరస్థురాలిని చేసే మాటను, పసికంటిని వైద్యుడికి చూపనీయని మూసిన తలుపును.